రఘుపతి వెంకయ్య

రఘుపతి వెంకయ్య (1869 అక్టోబరు 15 - 1941 మార్చి 15) తెలుగు సినిమా పితామహుడుగా పేరొందిన ఛాయాగ్రాహకుడు, సినిమా ప్రదర్శకుడు, నిర్మాత. మద్రాసులో భారతీయుల యాజమాన్యంలో తొలి సినిమా థియేటరును నిర్మించింది ఈయనే. తన కుమారుడు రఘుపతి సూర్యప్రకాష్‌తో కలిసి స్థాపించిన స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ ద్వారా 1921లో భీష్మ ప్రతిజ్ఞ అనే మూకీ చిత్రాన్ని నిర్మించాడు. దీనిని తెలుగువారు తీసిన తొలి కథాచిత్రంగా పరిగణిస్తారు. దక్షిణ భారతదేశంలో బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా వినిపించే ప్రదర్శనలు జరిపిన తొలివారిలో వెంకయ్య ఒకడు. టాకీలు రావడానికి 20 ఏళ్ళకు పైగా ముందే, 1910 ప్రాంతంలో, క్రోనోమెగాఫోన్ అనే యంత్రంతో ఈ పని చేసాడు.

తొలి జీవితం

వెంకయ్య స్వస్థలం కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం. చిన్న వయసులోనే మద్రాసు చేరి ఛాయాగ్రహణాన్ని వృత్తిగా చేపట్టాడు. 1886లో, 17 ఏళ్ళ ప్రాయంలో, ఈ వృత్తిలో ప్రవేశించినట్లు చెబుతారు. కొన్ని గ్రంథాలలో ఆయన జన్మ సంవత్సరం 1887 అని కనిపిస్తుంది. కానీ ఆయన కుమారుడు ప్రకాష్ 1901లో జన్మించాడు కనుక 1887 సరిపోదు. 1869 అనేదే ఆయన జీవిత ఘట్టాలన్నిటితో పొసుగుతుంది.

ఆ కాలంలో ఛాయాగ్రాహకుడంటే ఫోటో తీయడంతో పని తీరేది కాదు. గాజు పలకలు, రసాయనాలు, కటకాలు, వెలుతురు వీటన్నిటి గురించి తెలిసి ఉండాలి. కొత్త పరికరాలు విదేశాలనుండి దిగుమతి అయ్యేవి. వాటిని ఎంచుకోవడం, తెప్పించుకోవడం, పాడైతే బాగుచేసుకోవడం కూడా వృత్తిలో భాగమే. ఈ అలవాటే తరువాత వెంకయ్యను సినిమా యంత్రాల వైపు నడిపించింది.

చలనచిత్రాల రాక

1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల చిత్రాల ప్రదర్శనతో భారతదేశంలో సినిమా మొదలయ్యింది. మరుసటి సంవత్సరానికే మద్రాసులో కూడా ప్రదర్శనలు జరిగాయి. 1905లో తిరుచిరాపల్లిలో రైల్వే గుమాస్తాగా ఉన్న స్వామికన్ను విన్సెంట్ ఒక ఫ్రెంచి దేశస్థుని వద్ద ప్రొజెక్టరు కొని ఊరూరా డేరాలలో బొమ్మలు చూపడం మొదలుపెట్టాడు. ఇవన్నీ మూగ బొమ్మలే. పక్కన ఒక వ్యాఖ్యాతో, వాద్యగాళ్ళో ఉండి ప్రేక్షకులకు వినోదం కలిగించేవారు.

ఈ రంగంలోకి దిగదలచిన వ్యక్తికి 1910 నాటికి రెండు దారులు ఉండేవి. మొదటిది చేతితో తిప్పే సాధారణ ప్రొజెక్టరు కొనడం. ఇది చవక. ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. ఏ కంపెనీ ఫిల్ము అయినా ఆడుతుంది. రెండవది గ్రామఫోనును, ప్రొజెక్టరును జోడించిన యంత్రం కొనడం. ఇది ఖరీదైనది, బరువైనది. దీనికి విద్యుత్తు కావాలి. దానికోసం ప్రత్యేకంగా తయారైన ఫిల్ములు, రికార్డులు జంటగా కావాలి. వెంకయ్య రెండవ దారినే ఎంచుకున్నాడు.

క్రోనోమెగాఫోన్

క్రోనోమెగాఫోన్ ఫ్రాన్సుకు చెందిన గోమాంట్ సంస్థ తయారు చేసిన యంత్రం. ఆ సంస్థ అధిపతి లియోన్ గోమాంట్ 1902లోనే దీని తొలి రూపమైన క్రోనోఫోన్‌ను పారిస్‌లో ప్రదర్శించాడు. దీనికోసం తీసిన చిన్న చిత్రాలను ఫోనోసీన్‌లు అనేవారు. ముందుగా పాటను రికార్డు చేసి, ఆ తరువాత అది వినిపిస్తుండగా నటులు పెదవులు కదుపుతుంటే చిత్రీకరించేవారు. నేటి సినిమాలలో ప్లేబ్యాక్ పాటల చిత్రీకరణకు కూడా ఇదే పద్ధతి. ఒక రికార్డు నిడివి కొద్ది నిముషాలే కావడంతో ఒక్కొక్క చిత్రం నిడివి కూడా అంతే ఉండేది.

ఈ యంత్రంలో ముఖ్యమైన సమస్యలు రెండు. మొదటిది శబ్ద తీవ్రత. అప్పటికి ఎలక్ట్రానిక్ యాంప్లిఫయరు వాడుకలోకి రాలేదు. మామూలు గ్రామఫోను బాకా ఒక గదికి సరిపోతుందే తప్ప నిండిన హాలుకు చాలదు. అందుచేత క్రోనోమెగాఫోనులో సంపీడిత గాలిని ఉపయోగించారు. రికార్డుపై కదిలే ముల్లు ఒక చిన్న కవాటాన్ని కదుపుతుంది. ఆ కవాటం గుండా వచ్చే గాలి ప్రవాహం ముల్లు కదలికకు అనుగుణంగా హెచ్చి తగ్గి పెద్ద బాకాల ద్వారా శబ్దంగా వెలువడుతుంది.

రెండవది మరింత కష్టమైనది. బొమ్మ, పాట ఒకే వేగంతో నడవడం మాత్రమే చాలదు. రెండూ ఒకే చోట మొదలు కావాలి, ఆ సంబంధం చివరివరకు చెదరకూడదు. తిరిగే రెండు చక్రాలు ఒకే వేగంతో ఉన్నా ఒకటి మరొకదానికంటే కొంత కోణం వెనుకబడి ఉండవచ్చు. ఈ కోణ భేదాన్నే ఫేజ్ లేదా దశ అంటారు. ఉదాహరణకు రికార్డు నిముషానికి 78 చుట్లు తిరుగుతుంది, ఫిల్ము సెకనుకు 16 చట్రాలు నడుస్తుంది అనుకుంటే, రికార్డు ఒక చుట్టు తిరిగేసరికి ఫిల్ములో సుమారు 12 చట్రాలు కదులుతాయి. ముల్లును ఒక్క చుట్టు తేడాతో పెట్టినా గాయకుడు నోరు మూసిన తరువాత పాట వినిపిస్తుంది.

గోమాంట్ దీనికి విద్యుత్ పరిష్కారం కనుగొన్నాడు. గ్రామఫోనుకు ఒకటి, ప్రొజెక్టరుకు ఒకటి చొప్పున ఒకే రకమైన రెండు మోటార్లు అమర్చి, వాటి ఆర్మేచరు చుట్లను తీగలతో ఒకదానికొకటి కలిపాడు. దీనివలన ఒక మోటారు కొంత కోణం తిరిగితే రెండవది కూడా అంతే కోణం తిరగక తప్పదు. గ్రామఫోను తెర దగ్గర, ప్రొజెక్టరు హాలు వెనుక ఉన్నా చిక్కులేదు. ఇవి రెండూ తప్పిపోయినప్పుడు సరిచేయడానికి మధ్యలో ఒక డిఫరెన్షియల్ గేరు ఉంటుంది. దానిని తిప్పే చిన్న మోటారును ముందుకో వెనక్కో నడిపి, ఆపరేటరు బొమ్మను పాటకంటే ముందుకు జరపడం గాని వెనక్కు లాగడం గాని చేయవచ్చు. అంటే ప్రదర్శన ఆపకుండానే దశను తిప్పే సాధనం ఇది.

ఇంత ఏర్పాటు ఉన్నా ఫిల్ము తెగితే కష్టమే. తెగినచోట కొన్ని చట్రాలు కత్తిరించి అతికిస్తే, అక్కడినుండి బొమ్మ అన్ని చట్రాల మేర పాటకంటే ముందుకు పోతుంది. అందుచేత ఇటువంటి యంత్రంతో ఊరూరా తిరిగే ప్రదర్శకునికి ఫిల్ము, రికార్డు రెండింటినీ భద్రంగా చూసుకోవడం, ఆపరేటరు కన్ను, చెవి రెండూ అప్రమత్తంగా ఉండడం అవసరం.

ప్రదర్శనలు, పర్యటనలు

వెంకయ్య 1910లో మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలులో క్రోనోమెగాఫోన్ ప్రదర్శనలు ఇచ్చాడు. తరువాత డేరా వేసి ప్రదర్శనలు కొనసాగించాడు. మద్రాసుతో ఆగక ఆంధ్ర ప్రాంతానికి, బెంగుళూరుకు, ఆపై సముద్రం దాటి శ్రీలంక, బర్మా దేశాలకు కూడా యంత్రాన్ని తీసుకువెళ్ళాడు. రంగూన్‌లో అప్పట్లో తెలుగువారి సంఖ్య గణనీయంగా ఉండేది.

ఈ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. కొద్ది నిముషాల ఫోనోసీన్‌ల స్థానంలో గంటకు పైగా నడిచే మూకీ కథాచిత్రాలు వచ్చాయి. రికార్డు నిడివి వాటికి సరిపోదు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్ర విడుదల చేయడంతో భారతీయ కథలను తెరపై చూడవచ్చునని ప్రజలకు తెలిసింది. వెంకయ్య కూడా కాలంతోపాటు మారాడు. డేరాలను విడిచి శాశ్వత థియేటర్ల వైపు దృష్టి మరల్చాడు.

థియేటర్లు

1914లో మద్రాసు మౌంట్ రోడ్డు సమీపంలో గెయిటీ థియేటరును నిర్మించాడు. అంతకుముందు నగరంలో ఉన్న ఎలక్ట్రిక్ థియేటరు వంటివి ఐరోపా వారివి. తరువాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ థియేటర్లను కూడా వెంకయ్య నిర్మించాడు. గ్లోబ్ తరువాతి కాలంలో రాక్సీగా పేరు మారింది.

చిత్ర నిర్మాణం

ప్రదర్శనకు కావలసిన చిత్రాలను బయటినుండి తెప్పించుకోవడం కంటే తామే తీయడం మేలని వెంకయ్య భావించాడు. ఇందుకోసం కుమారుడు ప్రకాష్‌ను చిత్ర నిర్మాణంలో శిక్షణకు ఇంగ్లాండు పంపాడు. ప్రకాష్ అక్కడినుండి ఇతర దేశాలలోని స్టూడియోలను కూడా చూసి వచ్చాడు. ఆ తరువాత తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను స్థాపించి, పురసవాకంలో స్టూడియో నిర్మించారు. పగటి వెలుతురు లోపలికి వచ్చేలా గాజుతో కట్టడం వలన దీనిని గ్లాస్ స్టూడియో అనేవారు.

1921లో ఈ సంస్థ భీష్మ ప్రతిజ్ఞను నిర్మించింది. ప్రకాష్ దర్శకత్వం వహించడమే గాక భీష్ముని పాత్ర కూడా ధరించాడు. గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో-ఇండియన్ నటి పోషించింది. చిత్రంలో మాటలు లేవు కనుక దానికి భాష కూడా లేదు. తీసినవారు తెలుగువారు కావడం వలననే ఇది తెలుగు సినిమా చరిత్రకు ఆరంభమయ్యింది. దక్షిణాదిలో ఇంతకు ముందే నటరాజ మొదలియార్ కీచక వధం తీసి ఉన్నాడు. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ ఆ తరువాత గజేంద్ర మోక్షం, నందనార్, మత్స్యావతారం వంటి చిత్రాలను కూడా తీసింది.

తెలుగు టాకీలకు బాటలు వేసిన చిత్తజల్లు పుల్లయ్య ఈ సంస్థలోనే ప్రకాష్ వద్ద పని నేర్చుకున్నాడు. ఆయన తరువాత సతీ సావిత్రి (1933), లవకుశ (1934) చిత్రాలకు దర్శకత్వం వహించాడు. ఇదే కాలంలో నిజాం రాజ్యంలో ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాదులో మూకీలు తీశాడు. కరీంనగర్‌లో జన్మించిన పైడి జైరాజ్ 1929లో బొంబాయి మూకీలలో నటుడుగా ప్రవేశించాడు.

చివరి రోజులు

చిత్ర నిర్మాణం వెంకయ్యకు లాభించలేదు. స్టూడియో ఎక్కువ కాలం నిలవలేదు. థియేటర్లు కూడా క్రమంగా కుటుంబం చేతినుండి జారిపోయాయి. మాట్లాడే బొమ్మల కోసం మొదట తపించిన ఈయన, నిజమైన టాకీలు వచ్చేనాటికి నిర్మాతగా రంగంలో లేడు. 1931 మార్చి 14న ఆలం ఆరా, 1932 ఫిబ్రవరి 6న హెచ్.ఎం.రెడ్డి తీసిన భక్త ప్రహ్లాద విడుదలయ్యాయి. వెంకయ్య 1941 మార్చి 15న మరణించాడు. ప్రకాష్ మాత్రం టాకీలలో కూడా కొనసాగి చండిక (1940) వంటి చిత్రాలకు దర్శకత్వం వహించాడు. ఆయన 1956లో మరణించాడు.

ప్రాముఖ్యత

క్రోనోమెగాఫోన్ ఎదుర్కొన్న సమస్య ఆ యంత్రంతో పోలేదు. 1926లో అమెరికాలో వచ్చిన వైటాఫోన్ కూడా ఫిల్ము, రికార్డు జంట పద్ధతిదే. ఫిల్ము తెగితే అదే చిక్కు దానికీ వచ్చేది. శబ్దాన్ని ఫిల్ము అంచునే ముద్రించడం మొదలయ్యాక గాని ఇది తీరలేదు. కంప్యూటర్లలో శబ్దముద్రణ జరిగే నేటికాలంలో కూడా ఒకే గొంతును రెండు మైకులతో పట్టినప్పుడు వాటి తరంగాల మధ్య దశ భేదం వస్తుంది. దానికి కాలాన్ని జరిపే సాధనం వేరు, కాలాన్ని కదల్చకుండా తరంగాల కోణాన్ని మాత్రమే తిప్పే ఫేజ్ రొటేటరు వేరు. మైకుల దూరాల వలన వచ్చిన తేడాకు మొదటిదే తగినది. మిగిలిన తేడాకే రెండవదానిని వాడాలి. గోమాంట్ డిఫరెన్షియల్ గేరు చేసిన పని వీటిలో మొదటి రకానికి చెందుతుంది.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం తెలుగు సినిమాకు జీవితకాల సేవ చేసినవారికి ఇచ్చే పురస్కారాన్ని 1980లో ఆయన పేరిట రఘుపతి వెంకయ్య అవార్డుగా నెలకొల్పింది. దీనిని మొదట అందుకున్న వ్యక్తి ఎల్.వి.ప్రసాద్.

ఇవి కూడా చూడండి

తెలుగు సినిమా చరిత్ర
భీష్మ ప్రతిజ్ఞ
రఘుపతి సూర్యప్రకాష్
చిత్తజల్లు పుల్లయ్య
భక్త ప్రహ్లాద (1932 సినిమా)