రాతిలోయ కాపరి

షూషను కోటలో రాజునకు గిన్నె అందించు ఉద్యోగము విడిచి, కూలిపోయిన యెరూషలేము గోడలయొద్దకు వెళ్లిన నెహెమ్యాను ఎరుగనివారు మన సంఘములలో లేరు. అక్కడికి వెళ్లి ఆయన ప్రార్థన మాత్రమే చేసి ఊరకుండలేదు. జనులచేత రాళ్లు మోయించెను. నెహెమ్యా గ్రంథము చదువునప్పుడెల్ల మాకు జ్ఞాపకము వచ్చు కాపరి ఒకడు కలడు. ఆయన పేరు యోహాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్.

ఆయన 1740 ఆగష్టు 31న స్ట్రాస్‌బర్గు నగరములో పుట్టెను. అది ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, రైను నదికి దగ్గరగా ఉన్న గొప్ప పట్టణము. విశ్వవిద్యాలయము, పేరుపొందిన గోపురముగల దేవాలయము, వర్తకుల అంగళ్లు, సైనికుల బసలు, అన్నియు అక్కడ కలవు. తండ్రి పాఠశాలలో ఉపాధ్యాయుడు. అన్న జెరెమియాస్ ఆ నగరములోనే పెద్ద పండితుడని పేరుపొందెను. తమ్ముడును అదే త్రోవను పోయి సుఖముగా బ్రతుకగలిగియుండెను. ఆయన వేదాంతవిద్య ముగించి, ఒక శస్త్రవైద్యుని యింట పిల్లలకు చదువు చెప్పుచు, ఆ యింటనే కొంత వైద్యము కూడ నేర్చుకొనెను. 1760వ సంవత్సరము మొదటి దినమున తన్ను తాను దేవునికి అప్పగించుకొనుచు ఒక ఒడంబడిక వ్రాసికొని సంతకము చేసెను.

1767లో ఆయన సైన్యములో పాదిరిగా పోవుటకు సిద్ధపడుచుండగా స్టూబర్ అను కాపరి ఆయనను వెదకుకొనుచు వచ్చెను. మేడపై ఇరుకు గదిలో ఓబర్లిన్ పంటినొప్పితో పండుకొనియుండెను. మంచమునకు కట్టిన తెరలు గుడ్డవి కావు, కాగితపువి. బల్లమీద దీపముపైన చిన్న ఇనుప మూకుడు వ్రేలాడుచుండెను. అదేమని స్టూబర్ అడిగెను. అది తన వంటయిల్లని యువకుడు చెప్పెను. మధ్యాహ్నము తలిదండ్రుల యింట భోజనము చేసి, అక్కడినుండి తెచ్చుకొనిన రొట్టెముక్కను ఆ మూకుడులో నీళ్లు, ఉప్పు వేసి నానబెట్టును. రాత్రి చదువుకొనునప్పుడు దీపపు వేడికి అది ఉడుకును. అదే ఆయన రాత్రి భోజనము. తనకు కావలసినవాడు దొరికెనని స్టూబర్ సంతోషించెను. మా తలంపులో, ఓబర్లిన్ పట్టణము విడిచినది ఆ తరువాత కొండలకు ప్రయాణమైన దినమున కాదు; ఆ మూకుడు తగిలించుకొనిన దినముననే.

స్టూబర్ పిలిచిన చోటు వోజ్ పర్వతములలోని ఒక లోయ. జర్మను భాషలో దానిని రాతిలోయ అను అర్థమిచ్చు పేరుతో పిలిచెదరు. వాల్డర్స్‌బాక్, ఫూడే, బెల్‌మోన్, బెల్‌ఫోస్, సోల్‌బాక్ అను ఐదు పల్లెలు ఆ కాపరి క్రింద ఉండెను. చలికాలమున మంచు కప్పివేయును. నేల పలుచన. త్రోవలు లేవు. స్టూబర్ మొదట అక్కడికి వెళ్లినప్పుడు బడి చూపుమని అడిగెనట. ఒక గుడిసెలో పిల్లలు అల్లరిచేయుచుండగా మూలనున్న మంచముమీద ముసలివాడొకడు పండుకొనియుండెను. అతడే పంతులు. ఏమి నేర్పుచున్నావని అడుగగా, తనకే ఏమియు రాదు గనుక ఏమియు నేర్పుటలేదని అతడు దాచక చెప్పెను. అతడు అంతకుముందు ఊరి పందులను కాచెడివాడు. వయసు మళ్లి పందుల వెంట తిరుగలేకపోగా ఊరివారు పిల్లలను అప్పగించిరి.

ఇట్టి చోటికి పోవుటకు ఓబర్లిన్ రెండు షరతులు పెట్టెను. సైన్యమునకిచ్చిన మాటనుండి తనకు విడుదల కావలెను. ఆ స్థానమును కోరి ముందుగా కనిపెట్టుకొనియున్నవారెవరును ఉండకూడదు. రెండవ షరతు విషయములో చిక్కేమియు రాలేదు. దానిని కోరినవారెవరును లేరు! 1767 మార్చి 30న ఆయన వాల్డర్స్‌బాక్ చేరెను.

పల్లె ప్రజలు చదువుకొనిన దొరను చూచి చేతులెత్తి ఆహ్వానించిరని తలంచవద్దు. క్రొత్త పద్ధతులు వారికి గిట్టలేదు. వచ్చిన క్రొత్తలోనే కొందరు దారికాచి ఆయనను కొట్టవలెనని కూడబలుకుకొనిరి. ఆ సంగతి ఆయనకు తెలిసెను. ఆ ఆదివారము మత్తయి 5వ అధ్యాయములో, కీడును ఎదిరించకుండుటనుగూర్చి ప్రభువు చెప్పిన మాటలమీద ప్రసంగించి, ఆరాధనయైన పిమ్మట ఆ మనుష్యులు కూడియున్న యింటికి తానే నడిచిపోయి వారి మధ్య నిలువబడెను. దారికాచు పాపము వారికి కలుగకుండ తానే వచ్చితినని చెప్పెను. వారు సిగ్గుపడి క్షమాపణ వేడుకొనిరి.

తరువాత వచ్చినది త్రోవ సంగతి. లోయనుండి రోతో అను ఊరికి, అక్కడనుండి స్ట్రాస్‌బర్గుకు చేరవలెనన్న బ్రూష్ నది దాటవలెను. నదిలో పరచిన రాళ్లమీద అడుగులు వేయుచు దాటుటే. వరదవచ్చిన అదియు లేదు. పండినది అమ్ముకొనలేరు, పనిముట్టు కొనుక్కొనలేరు. ఓబర్లిన్ రైతులను కూర్చి, కొండ తొలిచి బాటవేసి నదికి వంతెన కట్టుదమని చెప్పెను. అది కానిపని అని అందరును తల త్రిప్పిరి. ఆయన వాదించలేదు. పలుగు భుజాన వేసికొని ఒక నమ్మకమైన మనుష్యునితో వెళ్లి త్రవ్వ మొదలుపెట్టెను. ముండ్లు గీరుకొనిన చోటనే, రాళ్లు దొర్లు చోటనే తాను నిలిచి, తేలికైన చోట్లు ఇతరులకు విడిచెను. ఒకరి వెంట ఒకరు పలుగులతో వచ్చిరి. స్ట్రాస్‌బర్గులోని స్నేహితులు డబ్బు పంపిరి. మందుగుండు పెట్టి బండలు పగులగొట్టిరి. జారు నేలకు గోడలు కట్టిరి. ఆ వంతెనకు ప్రేమవంతెన అను అర్థముగల పేరు వచ్చెను. ఆదివారము బల్లయెదుట నిలిచిన కాపరి సోమవారము బురదలో నిలుచుట మొదట వారికి వింతగా తోచెను.

వ్యవసాయములో ఆయన వేరొక ఉపాయము పన్నెను. రైతునకు పట్టణపువాడు వచ్చి సేద్యము చెప్పిన నవ్వునని ఆయన ఎరుగును. (మన పొలములలో మాత్రము నవ్వరా?) కాబట్టి జనులు నడుచు బాట ప్రక్కనే ఉన్న తన తోటలో గుంటలు త్రవ్వి, మంచి మన్నువేసి, ఆపిలు, రేగు జాతి పండ్లచెట్లు నాటెను. కొన్ని ఏండ్లకు చెట్లు కాచినప్పుడు, వాటిని దినదినము చూచుచు పోవువారే ఆగి ఎట్లు పెంచితిరని అడిగిరి. అప్పుడు అంటుకట్టుట నేర్పెను. అక్కడి ఉర్లగడ్డల విత్తనము చెడిపోయి పంట క్షీణించియుండగా వేరుచోట్లనుండి మంచి విత్తనము తెప్పించెను. పశువులకు క్లోవరు గడ్డి, నారకు అవిసె వేయించెను. ఆకులు, నాచు, దేవదారు కాయలు, చింకిగుడ్డలు, పాతచెప్పులు సహితము కుళ్లబెట్టి ఎరువు చేయించెను; వాటిని ఏరితెచ్చిన పిల్లలకు డబ్బులిచ్చెను. కన్ఫర్మేషను పొందగోరు ప్రతి బాలుడును బాలికయు రెండు చెట్లు నాటినట్లు రుజువు తేవలెనని నియమించెను. తెలివిగల యువకులను వడ్రంగము, కమ్మరము, తాపీపని నేర్చుకొని రమ్మని స్ట్రాస్‌బర్గు పంపెను. వారు తిరిగివచ్చి లోయలోనే పనిచేసిరి. పట్టణము ఆయనకు శత్రువు కాదు. అక్కడ దొరకు విద్య కావలెను, డబ్బు కావలెను. అవి పల్లెకు రావలెను, అంతే.

బెల్‌మోన్‌లో సారా బాన్‌జే అను కన్య పొరుగు పిల్లలను చేరదీసి అల్లిక నేర్పుచుండెను. ఓబర్లిన్‌కు, ఆయన భార్యయైన మదలేన్ సలోమేకు అది గొప్ప ఆలోచన పుట్టించెను. తలిదండ్రులు పొలము వెళ్లినప్పుడు పసిపిల్లలు వీధులలో చెడిపోకుండ, ఒక్కొక్క ఊరిలో ఒక గది, దానిలో ఒక స్త్రీ, అల్లిక, పాటలు, బైబిలు కథలు, చెట్లు చేమల పేర్లు. ఇది 1770 ప్రాంతపు మాట. జర్మనీలో ఫ్రోబెల్ శిశువిద్యాలయము అంతకు సుమారు 70 ఏండ్ల తరువాత వచ్చెను. సారా 1774లోనే మరణించెను. ఆ పనిని బెల్‌ఫోస్ రైతు కుమార్తె లూయీ షెప్లర్ చేపట్టెను. ఆమె కాపరి యింట పనిపిల్లగా చేరినది.

ఆయనకును వెళ్లిపోవలెనన్న తలంపు వచ్చినది. 1774 ప్రాంతమున అమెరికాకు పోయి సేవచేయవలెనని సిద్ధపడెను గాని అక్కడి యుద్ధము దానిని ఆపెను. మేము దీనిని దాచవలసిన పని లేదు. ఉన్నచోట ఉండుట ఆయనకు సులువై ఉండలేదు. 1783లో భార్య మరణించెను, చిన్నపిల్లలు మిగిలిరి. పెద్ద కుమారుడు 1793లో యుద్ధమున చనిపోయెను. ఫ్రెంచి విప్లవకాలమున ఆరాధనలు నిషేధింపబడెను, జీతము ఆగెను. 1794 జూలైలో ఆయనను పట్టుకొనిపోయిరి గాని, ఆ నెలాఖరున రోబెస్పియరు పతనమైన కొద్దికాలమునకే విడిచిరి. తిరిగి ఆ లోయకే వచ్చెను. గది తలుపుమీద సుద్దముక్కతో సంఘస్థుల పేర్లు వ్రాసికొని, పేరు పేరున ప్రార్థించుచుండెను.

అడవి హక్కులనుగూర్చి పల్లెలకును భూస్వాములకును 80 ఏండ్లకు పైగా నడిచిన వ్యాజ్యము ప్రజలను పీల్చివేయుచుండెను. 1813లో ఆయన మధ్యవర్తిత్వమున రాజీ కుదిరెను. ప్రభుత్వము 1819లో ఆయనకు గౌరవపతకమిచ్చెను. పల్లెవారు మాత్రము ఆయనను ఎప్పటివలెనే నాయనా అనిరి.

59 ఏండ్లు ఆ లోయలోనే ఉండి 1826 జూన్ 1న, తన 85వ ఏట ఓబర్లిన్ కన్నుమూసెను. ప్రొటెస్టెంటులును రోమను కతోలికులును కలిసి ఫూడే వరకు నడిచి పాతిపెట్టిరి. లూయీకి తన పిల్లలతో సమానముగా పాలు ఇయ్యవలెనని ఆయన వ్రాసిపెట్టియుండెను. యజమానురాలు పోయిన కొన్ని ఏండ్లనుండి ఆమె జీతము పుచ్చుకొనుట మానివేసి కుమార్తెగానే ఉండెను. ఇప్పుడు పిల్లలు పాలు ఇయ్యవచ్చినప్పుడు ఆమె ఆస్తి వద్దనెను; ఓబర్లిన్ అను పేరును తన పేరునకు చేర్చుకొననిమ్మని మాత్రము అడిగెను. 1829లో ఫ్రెంచి అకాడమీవారు ఆమెకు 5000 ఫ్రాంకుల బహుమానమిచ్చిరి. ఆమె దానిని చిన్నపిల్లల బడులకే ఖర్చుపెట్టెను.

ఫూడే దేవాలయపు సమాధుల దొడ్డిలో ఆయన సమాధిమీద ఇనుప సిలువ కలదు. దానిమీద వ్రాసినవి రెండే మాటలు: పాపా ఓబర్లిన్.