శ్రమజీవిని నిలుపుకొన్న పారిశ్రామికుడు – జంషెడ్జీ టాటా

ఒక పరిశ్రమను స్థాపించడానికి ధనం కావాలి, యంత్రాలు కావాలి, ముడిసరుకు కావాలి. ఈ మూడింటినీ ధనికుడైన ప్రతివాడూ సమకూర్చుకొనగలడు. కాని ఆ యంత్రాల ముందు ప్రతిదినమూ వచ్చి నిలబడే మనుషులను సంపాదించుకొనడం, సంపాదించుకొన్న వారిని కలకాలం నిలుపుకొనడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. జీతమిచ్చి చేతులను కొనవచ్చునేమో కాని మనసులను కొనలేమన్న సత్యాన్ని మన దేశంలో తొలిదినాలలోనే గ్రహించిన పారిశ్రామికుడు జంషెడ్జీ నస్సర్వాన్జీ టాటా. ఆయనను ఉక్కు కర్మాగారానికి మూలపురుషుడుగా అందరూ ఎరుగుదురు. నాగపురంలోని నూలుమిల్లులో ఆయన నేర్చిన పాఠాన్ని ఎరిగినవారు తక్కువ.

జంషెడ్జీ 1839 మార్చి 3వ తేదీన గుజరాత్‌లోని నవసారిలో జన్మించారు. వారిది తరతరాలుగా పౌరోహిత్యం నెరపుతూ వచ్చిన పార్సీ కుటుంబం. తండ్రి నస్సర్వాన్జీ ఆ వంశమర్యాదను దాటి బొంబాయి చేరి వర్తకం చేపట్టారు. బాల్యం గడిచిన పిమ్మట కుమారుడు కూడ బొంబాయికి వచ్చి, ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, 1858లో విద్య ముగించారు. 1868లో 21,000 రూపాయల మూలధనంతో స్వంత వర్తకసంస్థను నెలకొల్పారు. మరుసటి సంవత్సరం చించ్‌పోక్లీలో మూతపడిన ఒక నూనెమిల్లును కొని నూలుమిల్లుగా మార్చి, రెండేండ్లకు లాభానికి అమ్మివేశారు. తరువాత ఇంగ్లండు వెళ్లి లాంకషైర్ నూలు పరిశ్రమను స్వయంగా పరిశీలించి వచ్చారు.

ఆనాడు నూలుమిల్లు అంటే బొంబాయే. జంషెడ్జీ మాత్రం నాగపురాన్ని ఎన్నుకొన్నారు. చుట్టూ ప్రత్తి పండే నల్లరేగడి భూములు. ప్రక్కనే, పేరుకు నిజాం ప్రభువుదైనా 1853 నుండి ఆంగ్లేయుల పాలనలో ఉన్న బేరారు. చేరువలో వరోరా బొగ్గు గనులు. 1874లో పదిహేను లక్షల రూపాయల మూలధనంతో కంపెనీ ఏర్పడింది. మిల్లుకోసం కొన్నది జుమ్మా తలావ్ చెరువు సమీపాన చిత్తడి నేల. ఆ గుంటను మట్టితో పూడ్పిస్తూంటే స్థానికుడైన ఒక షావుకారు, ఇది బంగారాన్ని బురదలో పోయడమేనని తలచి వాటాలు కొననన్నాడట. కాలాంతరంలో ఆయనే, టాటా బురద పోసి బంగారం తీశాడని ఒప్పుకొన్నట్లు చెప్పుకొంటారు. విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన 1877 జనవరి 1వ తేదీనే మిల్లు ప్రారంభమైంది. అందువల్లనే దానికి ఎంప్రెస్ మిల్లు అని పేరు వచ్చింది.

మేనేజరుగా జంషెడ్జీ నియమించిన బెజోన్జీ దాదాభాయి మెహతా రైల్వేలో సరుకుల రవాణా శాఖనుండి వచ్చినవాడు. నూలు వడకడం గురించి ఏమీ తెలియనివాడు. అయినా మనుషులను నడిపించే నేర్పు అతనిలో ఉన్నదని జంషెడ్జీ కనిపెట్టారు. ఆ నేర్పుకు త్వరలోనే పరీక్ష ఎదురైంది.

యంత్రాలు తిరుగుతున్నవి, కాని వాటి ముందు మనుషులు లేరు. ఏ దినం చూచినా కూలీలలో సుమారు ఐదవవంతు మంది గైరుహాజరు. ఇంటిలో పెండ్లి అయినా, ఊరిలో జాతర అయినా, చేలో కోత అయినా మిల్లుకు సెలవే. నాలుగు దినాలకు సరిపడే కూలి చేత పడితే ఐదవ దినం రావలసిన అవసరమేమిటని వారి భావన. ఇది సోమరితనం కాదు. తరతరాలుగా ఋతువులను బట్టి, తమ యిష్టాన్ని బట్టి పనిచేసికొన్న రైతుకు, మగ్గం కార్మికునికి గంట కొట్టగానే లోపలికి వెళ్లి, మళ్లీ గంట కొట్టేవరకు బయటికి రాకుండ ఉండే జీవితం కొత్తది. వేరొక యజమాని అయితే జరిమానాలు విధించి, అప్పటికీ మాట వినని వారిని వెళ్లగొట్టి ఉండేవాడు. జంషెడ్జీ వేరు ప్రశ్న వేసికొన్నారు. ఈ మనిషి ఎందుకు రావడం లేదని కాదు. ఇతడు రావాలనుకొనేటట్లు ఇక్కడ ఏమున్నదని.

ఆ ప్రశ్నకు సమాధానం ఒక్కనాట రాలేదు, మెట్లు మెట్లుగా వచ్చింది. పని స్థలంలో ఊపిరి ఆడేటట్లు గాలి, వెలుతురు ప్రసరించే ఏర్పాట్లు చేయించారు. గాలిలో తేమను నిలిపే సాధనాలను, దుమ్మును తొలగించే యంత్రాలను, అగ్నిప్రమాదం సంభవిస్తే నీరు చిమ్మే గొట్టాలను అమర్చారు. క్రమం తప్పక వచ్చేవారికి బహుమతులు ఏర్పరచారు. కార్మికుల కుటుంబాలు కూడ వచ్చి పాల్గొనేటట్లు ఆటలపోటీల దినాలు జరిపించారు. 1886లో పింఛను నిధి ప్రారంభమైంది. పనిలో గాయపడిన వారికి పరిహారమిచ్చే పద్ధతి 1895 నాటికి వచ్చింది. చదువుకొన్న యువకులను అప్రెంటిసులుగా చేర్చుకొని పని నేర్పించి పై ఉద్యోగాలకు ఎక్కించే విధానం కూడ అక్కడ నడిచింది. క్రమంగా మిల్లు పనికి స్థిరపడిన జనం నాగపురంలో ఏర్పడ్డారు.

ఇది దయాధర్మమా, వ్యాపారమా అని కొందరు సందేహించవచ్చు. రెండూ అని చెప్పడమే న్యాయం. ఖాళీగా తిరిగే కదురు యజమానికి నష్టమే. పని తెలిసిన మనిషి వెళ్లిపోతే కొత్తవానికి నేర్పడం మరింత నష్టం. జంషెడ్జీ ఈ లెక్క తెలిసిన వర్తకుడు. కాని అదే లెక్క తెలిసిన యజమానులు మరెందరో దండనను ఆశ్రయించగా, ఆయన ఆదరణను ఆశ్రయించారు. ప్రమాద పరిహారం యజమాని బాధ్యత అని మన దేశంలో చట్టం వచ్చింది 1923లో. కార్మికుల భవిష్యనిధి చట్టం వచ్చింది 1952లో. చట్టం అడగకముందే ఇచ్చినది కనుకనే ఆ ఈవికి విలువ.

జీవిత చరమభాగంలో ఆయన మనసు ఉక్కు పరిశ్రమపై నిలిచింది. కర్మాగారానికి చోటైనా నిశ్చయం కాకముందే, 1902లో కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో అక్కడి పట్టణం ఎట్లుండాలో వివరించారు. విశాలమైన వీధులు, వాటి వెంట త్వరగా పెరిగి నీడనిచ్చే చెట్లు, తోటలకు, ఆటస్థలాలకు చాలినంత నేల, హిందువుల దేవాలయాలకు, ముస్లిముల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు స్థలాలు ఉండాలని కోరారు. మనిషి పనిచేసే గంటలు కొన్నే. మిగిలిన గంటలలో అతడు తండ్రి, భక్తుడు, పొరుగువాడు. ఆ మిగిలిన జీవితానికి కూడ చోటు చూపినవానివద్దనే కార్మికుడు వేళ్లూని నిలుస్తాడు.

ఆ పట్టణాన్ని చూడకుండానే జంషెడ్జీ 1904 మే 19వ తేదీన జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో కన్నుమూశారు. ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చీ గ్రామం వద్ద 1912లో ఉక్కు తయారైన నాడే ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. 1911 చట్టం నూలుమిల్లులలో మగవారిచే దినానికి 12 గంటలు పనిచేయించడానికి అనుమతించిన కాలమది. 1915లో ఉచిత వైద్యం, 1920లో జీతంతో కూడిన సెలవు, ప్రావిడెంట్ ఫండు వచ్చినవి. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం జరిగింది. బ్రతుకుతెరువు వెదుక్కొంటూ వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

అయితే చిత్రానికి రెండవ వైపు కూడ చూపాలి. నాగపురం మిల్లులో పనిగంటలు ఆనాటి అన్ని మిల్లులలోవలెనే సుదీర్ఘమైనవి. జంషెడ్‌పూర్‌లో 1920లో, 1922లో, 1928లో పెద్ద సమ్మెలు జరిగినవి. 1928లో సుభాస్ చంద్రబోస్ అక్కడి కార్మికసంఘానికి నాయకత్వం వహించవలసి వచ్చింది. అంటే వసతులు ఎన్ని ఉన్నా అవి న్యాయమైన వేతనానికి బదులు కాజాలవు. కార్మికుడు తన మాట తాను చెప్పుకొనే హక్కుకు అసలే బదులు కాజాలవు. ఎంప్రెస్ మిల్లు సైతం 1986లో టాటాల చేతినుండి జారి, తరువాత మూతపడింది. సంస్థలు శాశ్వతం కావు. అవి నేర్పిన నీతి మాత్రం మిగులుతుంది.

ఈ సంచికను చదివే విద్యార్థులలో పలువురు శ్రమజీవుల బిడ్డలు. రేపు వారిలో కొందరు నలుగురికి పని కల్పించే స్థానానికి ఎదుగుతారు. దుకాణమైనా, కార్ఖానా అయినా, పాఠశాల అయినా, మన వద్ద పనిచేసేవాడు ఒకనాడు రాకపోతే, వాని కూలిలో కోత విధించే ముందు, వాడు రావాలనుకొనేటట్లు మన వద్ద ఏమున్నదని ఒక్కసారి ప్రశ్నించుకొనాలి. నాగపురంలో జంషెడ్జీ వేసికొన్న ప్రశ్న అదే.