శిలలలో దాగిన సముద్రం

కంటి ఎదుట ఉన్న ప్రాణిని చూచి బొమ్మ గీయడం చిత్రకారులకు అలవాటైన విద్య. కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించి, ఏ మానవుడూ చూడని ప్రాణిని జీవం ఉట్టిపడేలా చిత్రించడం మరొక తరహా విద్య. దానికి రాతిలో మిగిలిన ఎముకలే ఆధారం. ఏ ఎముక ఎక్కడ అమరి ఉండేదో, ఆ ప్రాణి ఎలా ఈదేదో, ఏమి తినేదో తెలియకుండా కుంచె కదపడానికి వీలులేదు. 1830లో ఇంగ్లాండులో అటువంటి చిత్రం ఒకటి వెలువడింది. శిలాజాల ఆధారంతో ప్రాచీన సముద్ర జీవనాన్ని ఒక పూర్తి దృశ్యంగా చూపిన తొలి చిత్రంగా అది ప్రసిద్ధి పొందింది. దానిని గీసినవాడు హెన్రీ డి లా బెష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. అందులోని ముఖ్యమైన ప్రాణులను రాళ్ల నుండి వెలికితీసి లోకానికి అందించినది మాత్రం ఒక పేద వడ్రంగి కుమార్తె. ఆమె పేరు మేరీ ఆనింగ్.

ఇంగ్లాండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ అనే చిన్న పట్టణంలో 1799 మే 21న మేరీ జన్మించింది. ఆమె తల్లిదండ్రుల సంతానంలో పెరిగి పెద్దవారైనది మేరీ, ఆమె అన్న జోసెఫ్ మాత్రమే. మేరీకి పదిహేను నెలల వయస్సులో ఒక గండం తప్పింది. 1800 ఆగస్టులో పొరుగింటి స్త్రీ ఆమెను ఎత్తుకొని చెట్టు కింద నిలబడి ఉండగా పిడుగు పడింది. అక్కడున్న ముగ్గురు స్త్రీలూ మరణించారు. పసిపాప ఒక్కతే బ్రతికి బయటపడింది.

ఆ పట్టణం పక్కనే సముద్రాన్ని ఆనుకొని ఎత్తైన కొండచరియలు ఉన్నాయి. సుమారు 20 కోట్ల సంవత్సరాల క్రితం ఆ నేల సముద్రగర్భం. ఆనాటి ప్రాణుల అవశేషాలు బురదలో కూరుకుపోయి, కాలక్రమంలో రాయిగా మారాయి. శీతకాలపు వానలకూ అలల తాకిడికీ చరియలు విరిగిపడినప్పుడు అవి బయటపడేవి. మేరీ తండ్రి రిచర్డ్ తీరిక వేళల్లో వాటిని ఏరి, విహారానికి వచ్చినవారికి అమ్మేవాడు. పిల్లలిద్దరికీ ఆ పని నేర్పాడు. 1810లో ఆయన అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. పదకొండేళ్ల మేరీకి నిన్నటివరకు వేడుకగా ఉన్న పని నాటి నుండి కూటి కోసం చేసే పని అయింది.

1811లో జోసెఫ్ కంటికి సుమారు నాలుగడుగుల పొడవున్న ఒక పుర్రె కనిపించింది. మరుసటి సంవత్సరం మేరీ మిగిలిన అస్థిపంజరాన్ని కనుగొన్నది. దానిని అమ్మగా ఆ కుటుంబానికి 23 పౌండ్లు దక్కాయి. అది మొసలి అని కొందరు, చేప అని కొందరు పండితులు తర్జనభర్జన పడ్డారు. చివరకు చేపబల్లి అనే అర్థంలో దానికి ఇక్తియోసార్ అని పేరు పెట్టారు. చేప ఆకారంలో ఉండి, గాలి పీల్చుకొని బ్రతికిన సరీసృపం అది.

మేరీకి చదువు అబ్బినది ప్రధానంగా ఆదివారపు బడిలోనే. అయినా ఆమె జ్ఞానతృష్ణ అపారమైనది. కొనడానికి స్తోమత లేని శాస్త్రవ్యాసాలను ఎరువు తెచ్చుకొని, అందులోని బొమ్మలతో సహా స్వహస్తంతో నకలు రాసుకునేది. చేపలను, కటిల్‌ఫిష్‌లను కోసి, వాటి దేహనిర్మాణాన్ని రాతిలోని అవశేషాలతో పోల్చి చూచేది. దొరికిన అస్థిపంజరాలకు శ్రద్ధగా బొమ్మలు గీసేది.

ఆ బొమ్మల విషయంలోనే ఆమెకు ఒక అగ్నిపరీక్ష ఎదురైంది. 1823 డిసెంబరులో మేరీ మరొక సముద్ర సరీసృపపు పూర్తి అస్థిపంజరాన్ని వెలికితీసింది. అది ప్లీసియోసార్. దాని తల చిన్నది, మెడ మాత్రం నమ్మశక్యం కానంత పొడవు. జిరాఫీ మెడలో సైతం ఏడు వెన్నుపూసలే ఉండగా, ఈ ప్రాణి మెడలో 35 లెక్కకు వచ్చాయి. ఆ చిత్రాన్ని చూచిన ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ కువియే, వేర్వేరు జంతువుల ఎముకలను అతికి ఉంటారని శంకించాడు. యూరప్ అంతటా ఆయన మాటకు తిరుగు లేదు. మోసమని రుజువైతే మేరీ వద్ద శిలాజం కొనేవారే ఉండరు. పరువుతోపాటు బ్రతుకుతెరువూ పోతుంది. 1824లో లండన్‌లోని భూగర్భ శాస్త్ర సంఘం సమావేశమై ఆ విషయం చర్చించింది. అస్థిపంజరం నిజమైనదేనని తేలింది. కువియే తన పొరపాటును అంగీకరించాడు. అయితే ఆ సమావేశంలో ప్లీసియోసార్‌ను వివరించిన విలియం కోనీబేర్ దానిని కనుగొన్న మేరీ పేరు ప్రస్తావించలేదు. స్త్రీలకు ఆ సంఘంలో ప్రవేశమే లేని రోజులవి.

మేరీ దృష్టి పెద్ద ఎముకలతో ఆగలేదు. బెలెమ్నైట్ అనే ప్రాచీన జీవి శిలాజంలో ఎండిపోయిన సిరా తిత్తి ఉన్నదని ఆమె 1826లో గుర్తించింది. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్పాట్ ఆ సిరాను నీటితో కలిపి, దానితోనే ఇక్తియోసార్ శిలాజాల బొమ్మలు గీసింది. ఇక్తియోసార్ కడుపు భాగంలో కనిపించే కొన్ని రాళ్లను పగులగొడితే చేప ముళ్లు, పొలుసులు ఉంటున్నాయని కూడా మేరీ గమనించింది. అవి ఆ ప్రాణుల మలమే శిలగా మారిన రూపమని విలియం బక్‌లాండ్ నిర్ధారించాడు. ఏ ప్రాణి దేనిని తిన్నదో తెలిపే సాక్ష్యం ఈ విధంగా లభించింది. 1828లో ఎగిరే సరీసృపపు శిలాజమూ ఆమెకు దొరికింది.

ఈ ఆధారాలన్నీ డి లా బెష్ నీటిరంగుల చిత్రంలో ప్రాణం పోసుకున్నాయి. అందులో నీటి పైభాగమూ, లోపలి భాగమూ ఒకేసారి కనిపిస్తాయి. పెద్ద కన్నుల ఇక్తియోసార్ ఒకటి ప్లీసియోసార్ పొడవైన మెడను కరచి పట్టుకొని ఉంటుంది. పైన రెక్కల సరీసృపాలు ఎగురుతుంటాయి. చివరకు మలం రాలిపడడాన్ని కూడా చిత్రకారుడు వదలలేదు. ఆనాడు మేరీ ఆర్థికంగా చితికిపోయి ఉంది. జార్జ్ షార్ఫ్ చేత ఆ చిత్రాన్ని అచ్చు వేయించి, ప్రతులు అమ్మగా వచ్చిన సొమ్మును డి లా బెష్ ఆమెకు అందజేశాడు.

ఆ చిత్రంలో లోపాలు లేకపోలేదు. అమ్మోనైట్లు పడవల వలె నీటిపై తేలుతున్నట్లు చూపడం నేటి శాస్త్రానికి సమ్మతం కాదు. ఇక్తియోసార్లకు వీపుమీద ఈతరెక్క, నెలవంక వంటి తోక ఉండేవని 1890వ దశకంలో జర్మనీ శిలాజాల వల్ల స్పష్టపడింది. కొత్త ఆధారం దొరికినప్పుడల్లా పాత బొమ్మను దిద్దుకోవడం శాస్త్రానికి సహజధర్మం.

మేరీ చేసిన పని ప్రాణాపాయంతో కూడుకున్నది. 1833లో చరియ విరిగిపడి, ఆమె వెంట ఉండే పెంపుడు కుక్క ట్రే ఆమె కళ్లముందే మరణించింది. ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. 1835 నుండి ఏడాదికి 25 పౌండ్ల భృతి లభించడంతో కొంత ఊరట కలిగింది. 1847 మార్చి 9న, 47 ఏళ్ల వయస్సులో, రొమ్ము క్యాన్సర్‌తో ఆమె మరణించింది. అప్పటి భూగర్భ శాస్త్ర సంఘ అధ్యక్షుడు డి లా బెష్. సభ్యత్వం లేని ఆమెకు ఆయన ఆ సంఘంలోనే నివాళి అర్పించాడు. 2010లో రాయల్ సొసైటీ, విజ్ఞానశాస్త్ర చరిత్రను ప్రభావితం చేసిన పదిమంది బ్రిటిష్ స్త్రీలలో ఒకరుగా ఆమెను పేర్కొన్నది. 2022 మే 21న, ఆమె పుట్టినరోజు నాడు, లైమ్ రీజిస్‌లో ఆమె విగ్రహాన్ని ఆవిష్కరించారు. విగ్రహం పక్కనే ట్రే కూడా ఉంది.

నేడు ప్రాచీన సముద్ర ప్రాణుల బొమ్మలు పుస్తకాలలో, తెరలపై కోకొల్లలు. వాటిని చూచి పిల్లలు అబ్బురపడుతుంటారు. అటువంటి ప్రతి బొమ్మ వెనుకా చలిలో, వానలో, పోటెత్తే సముద్రం పక్కన రాళ్లను ఓర్పుతో ఛేదించిన చేతులు ఉన్నాయి. చిత్రంపై సంతకం చేసినవారితోపాటు ఆ చేతులను కూడా తలచుకోవడం మన విధి.