గుంటూరు డాక్టరమ్మ... ఏలూరు సత్రం

గుండుగొలను నుంచి ఏలూరు వెళ్ళి లేడీ డాక్టరుకి చూపించుకు రావడం ఇప్పుడు ఒక పూట పని. మరి నూట నలభై ఏళ్ళ కిందట? ఏలూరైనా గుంటూరైనా ఒకటే కథ. ఘోషా ఇళ్ళలో ఆడవాళ్ళని మగ డాక్టరు చూడకూడదు. చూద్దామంటే ఆడ డాక్టరు లేదు. కాన్పు కష్టమైతే మంత్రసాని హస్తవాసి, పైవాడి దయ... అంతే!

అలాంటి రోజుల్లో, 1883 నవంబరులో, గుంటూరులో అడుగుపెట్టారు అన్నా సారా కుగ్లర్. 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టిన ఆవిడ 1879లో డాక్టరు పట్టా పుచ్చుకుని అక్కడే ఓ ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. ఇక్కడి స్త్రీల అవస్థ గురించి గుంటూరులో ఉన్న ఒక మిషనరీ రాసిన ఉత్తరం ఆవిడని కదిలించింది. అయితే లూథరన్ మహిళా సంఘం వారు డాక్టరుని పంపే ఆలోచనలో లేరు. టీచరుగానైతే వెళ్ళమన్నారు. ఆవిడ సరేనన్నారు. మందులు మాత్రం తన సామానుతో పాటు సర్దుకున్నారు!

పగలు ఆడపిల్లల బడి, ఇంటింటికీ వెళ్ళి చదువు చెప్పడం. వాటి మధ్యే వైద్యం. తొలి ఏడాది 185 మందిని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, 276 మందిని తానున్న చోటే చూశారట. పంపినవాళ్ళు ఆవిణ్ణి డాక్టరుగా గుర్తించింది 1885 చివర్లో.

ఇంతకీ ఆ ఇళ్ళలో ఆవిడకి జరిగిన మర్యాద ఎలాంటిది? తెల్లదొరసాని కదా, అంటు. మందు చేతికి ఇవ్వకూడదు. కింద పెడితే వాళ్ళు తీసుకునేవారు. ఆవిడ వెళ్ళగానే స్నానాలు, శుద్ధి. పక్కింటావిడ మనం పంపిన కూర గిన్నె ముట్టకుండా తిప్పి పంపితే ఆర్నెల్లు ఆ గుమ్మం తొక్కం మనం! కుగ్లరమ్మ మందు కింద పెట్టి వచ్చేవారు. మళ్ళీ కబురొస్తే మళ్ళీ వెళ్ళేవారు.

బైబిల్లో మంచి సమరయుడి కథ ఉంది. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని చేరదీసి కట్టుకట్టిన సమరయుడి గురించి. ఆ కథలో మనం గబుక్కున మర్చిపోయే సంగతొకటుంది. సమరయులంటే ఆనాటి యూదులకి పొసగదు, దూరం పెట్టేవారు. అంటే సాయం చేసినవాడే వెలివేయబడ్డవాడన్నమాట. గుంటూరు ఇళ్ళలో కుగ్లరమ్మ స్థానం సరిగ్గా అదే. దయ చూపడం ఒక ఎత్తు. మనల్ని ముట్టుకోవడానికి ఇష్టపడనివాళ్ళ మీద, వాళ్ళు పెట్టిన షరతులకి ఒప్పుకుని మరీ దయ చూపడం ఇంకో ఎత్తు. ఇది రెండోది.

ఆవిడ మతప్రచారం కోసం వచ్చిన సంస్థ మనిషే, అందులో దాపరికం లేదు. కానీ రోగి నాడి చూసేటప్పుడు కులం, మతం అడ్డు రాలేదు.

సెలవు మీద స్వదేశం వెళ్ళినప్పుడు కూడా ఆవిడ ధ్యాస ఆసుపత్రి మీదే. చందాలు పోగుచేసుకు వచ్చారు. 18 ఎకరాల స్థలం కొన్నారు. 1893లో డిస్పెన్సరీ, ఆ దశాబ్దం ముగిసేలోగా స్త్రీలకీ పిల్లలకీ ఆసుపత్రి లేచాయి.

మన ఏలూరుకి ఆవిడతో చుట్టరికం కలిసింది తర్వాతే. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారు గొప్ప సాహిత్యాభిమాని. ఆయన రాణిగారికి కుగ్లరమ్మ వైద్యం చేశారు. రాణిగారు కోలుకున్నారు. రాజావారు ఆ కృతజ్ఞతని ఏ నగ రూపంలోనో తీర్చుకోలేదు. ఆసుపత్రి ఎదురుగా, రోగులతో వచ్చే హిందూ కుటుంబాలు ఉండడానికి ఒక సత్రం కట్టించారు. ఆసుపత్రికి మనిషిని తీసుకెళ్ళిన ఏ ఇల్లాలికైనా దాని విలువ తెలుస్తుంది. రోగికి మందు లోపల దొరుకుతుంది సరే, వెంట వచ్చినవాళ్ళు తలదాచుకునేదెక్కడ? మడి, ఆచారం పాటించేవాళ్ళు అన్నం వండుకునేదెక్కడ? అది పట్టించుకున్నారాయన. కింద పెట్టిన మందుతో మొదలైన పరిచయం క్రైస్తవ ఆసుపత్రి గుమ్మం ఎదుట హిందూ సత్రం దాకా వచ్చిందన్నమాట! మధ్యలో ఎన్ని వందల కాన్పులో, ఎన్ని రాత్రుల జాగారమో...

1905లోనూ, 1917లోనూ ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ గౌరవం ఇచ్చింది. ఆవిడ మాత్రం ఊరు వదల్లేదు. 1928లో ఆసుపత్రి కథంతా పుస్తకంగా రాశారు. రెండేళ్ళకి, 1930 జూలై 26న, గుంటూరులోనే కన్నుమూశారు. ఆసుపత్రికి ఆ తర్వాత ఆవిడ పేరే పెట్టారు.