అగస్టీను పంపేసిన స్త్రీ

యవ్వనస్థుల కూడికల్లో అగస్టీను సాక్ష్యం చెప్పని కాపరి ఉండడేమో. మేమూ చాలాసార్లు చెప్పాం. తప్పు దారిన తిరిగిన యౌవనం, తల్లి కన్నీటి ప్రార్థనలు, మిలాను తోటలో మారుమనస్సు. మధ్యలో ఒక స్త్రీని మాత్రం దాటేస్తూ వచ్చాం.

క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె (నేటి అల్జీరియాలో ఉంది) అనే ఊళ్లో అగస్టీను పుట్టాడు. తల్లి మోనికా విశ్వాసి. పదహారేళ్ల కొడుకు అదుపు తప్పుతున్నాడని గ్రహించి జారత్వం వద్దని, ముఖ్యంగా పరుని భార్య జోలికి పోవద్దని హెచ్చరించింది. పెళ్లి మాత్రం చేయలేదు. చదువు పాడవుతుందని భయం! ఆ భయం మన ఇళ్లల్లో లేదా?

కార్తేజుకు చదువుకు వెళ్లినవాడు ఒకామెతో పెళ్లి లేకుండా కాపురం పెట్టాడు. 372 ప్రాంతంలో కొడుకు అదెయోదాతు పుట్టాడు. వాక్యం తెలియక కాదు. పవిత్రత కావాలని ప్రార్థించేవాడు, అది వెంటనే రాకూడదనీ కోరుకునేవాడు. అయినా పన్నెండేళ్లకు పైగా ఆమెకు నమ్మకంగానే ఉన్నాడు.

384లో మిలానులో పెద్ద ఉద్యోగం దొరికింది. తల్లి వచ్చి హోదాకు తగిన సంబంధం కుదిర్చింది. ఆ బాలికకు పెళ్లి వయసు రావడానికి ఇంకా రెండేళ్లుంది! పెళ్లికి అడ్డమని, ఇన్నేళ్లు కలిసి బ్రతికిన స్త్రీని ఆఫ్రికాకు పంపేశారు. ఇక ఏ పురుషునీ ఎరుగనని దేవునికి మొక్కుకొని, కొడుకును అతని దగ్గరే విడిచి ఆమె వెళ్లిపోయింది. అతడో, రెండేళ్లు ఆగలేక మరొకతెను తెచ్చుకున్నాడు. పెళ్లి లేని కాపురం పాపమని మేము బోధిస్తాం, బోధిస్తూనే ఉంటాం. కానీ పరువైన సంబంధం కోసం చేసిన ఈ పని అంతకంటే చిన్న పాపమని మాత్రం చెప్పలేం.

386లో తోటలో రోమా 13:13, 14 చదివి ప్రభువుకు లొంగిపోయాడు. కుదిరిన పెళ్లీ మానుకున్నాడు. 387 ఈస్టరు వేళ బిషప్ అంబ్రోసు చేత కొడుకుతో కలిసి బాప్తిస్మం పొందాడు. కొన్నేళ్లకే ఆ కొడుకు చనిపోయాడు.

తన ఒప్పుకోలు గ్రంథంలో ఆమె పేరు ఎక్కడా రాయలేదు. అయితే హిప్పో బిషప్పుగా 401 ప్రాంతంలో వివాహం గురించి మరో పుస్తకం రాశాడు. తగిన సంబంధం దొరికేదాకా ఒక స్త్రీని ఉంచుకొనేవాడు మనస్సులో వ్యభిచారే అన్నాడు. అతనికి నమ్మకంగా ఉండి, అతడు విడిచాక మరొకరిని కోరని స్త్రీలో పాపం లేదనలేదు గానీ, ఆమెను వ్యభిచారిణి అనడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.