మూసీ వరదయు, మోక్షగుండము వారి పథకమును

మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి పేరు వినగానే కృష్ణరాజసాగరము జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని తెలుగువారికి అంతకంటె సన్నిహితమైన ఘట్టమొకటి ఆయన జీవితములో కలదు. అది హైదరాబాదు నగరమునకు వరదనుండి రక్షణయు, మురుగునీటికి దారియు చూపిన ఘట్టము.

బేస్తవారిపేట చేరువనున్న మోక్షగుండము ఆయన పూర్వుల గ్రామము. వారు మైసూరు సీమకు తరలిపోయినను ఊరిపేరు ఇంటిపేరుగా వెంటవచ్చినది. చిక్కబళ్లాపురము సమీపమున ముద్దెనహళ్లిలో ఆయన జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. బాల్యముననే పితృవియోగము కలుగగా, బెంగుళూరులో మేనమామ రామయ్యగారి అండ చేరి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు 1881లో బి.ఏ. ముగించిరి. పుణేలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో ప్రవేశించిరి. సుక్కూరు పట్టణమునకు మంచినీరు తెచ్చుటయు, ఖడక్‌వాస్లా జలాశయమునకు వరద రాగానే తమంతట తామే తెరచుకొను తలుపులమర్చుటయు, ఏడెను రేవునకు నీటిసరఫరా, మురుగుపారుదలల ఏర్పాటు సూచించుటయు ఆ కాలపు పనులు. 1908లో ఉద్యోగము విరమించి ఐరోపా పర్యటనకు బయలుదేరిరి.

ఆ ఏటనే, సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది హైదరాబాదును ముంచివేసెను. వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికి బయటపడిరి. నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా విశ్వేశ్వరయ్యగారు 1909 ఏప్రిల్‌లో నగరము చేరిరి.

నగరములో నీరెంత ఎత్తున నిలిచినదో కొలిచి ఊరకుండక, ఆయన దృష్టిని నది ఎగువకు మరల్చిరి. శంషాబాదులో ఒక్క దినమున 12 అంగుళములకు మించి వాన కురిసినట్లు లెక్క దొరకెను. వాన ఒక్కటియే కారణము కాదు. నగరమునకు ఎగువ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా, వానిలో 221 తెగిపోయినవి. మన గొలుసుకట్టు చెరువుల సంగతి పల్లెలెరిగిన వారికి చెప్పనక్కరలేదు. పై చెరువు కట్ట తెగినచో ఆ నీరంతయు క్రింది చెరువుమీద పడును, దానికట్టయు నిలువదు. ఆ విధముగా కూడిన నీరే నగరముమీద విరుచుకుపడినది.

కావున ఊరిలో నదికి ఇరువైపుల గోడలు లేపినంత మాత్రమున చాలదని ఆయన తేల్చిరి. ఎగువన మూసీమీద ఒకటి, దాని ఉపనదియైన ఈసీమీద ఒకటి జలాశయములు కట్టి, వరదను అచ్చట ఆపి, దిగువ నది మోయగలిగినంత నీటినే విడువవలెను. ఇందొక చిక్కు కలదు. వరదను ఆపవలెనన్న జలాశయములో ఖాళీ ఉండవలెను. త్రాగునీటికైనచో అది నిండుగా ఉండవలెను. ఒకే జలాశయముతో రెండు పనులు చేయించుకొను నగరము ఎంత ఖాళీ విడువవలెనో వానకాలము రాకముందే నిర్ణయించుకొనక తప్పదు.

వరద పథకముతోడనే మురుగుకాలువల పథకమును గూడ ఆయన జతపరచిరి. నది పొంగినపుడు దానిలోనికి పారవలసిన మురుగు ఎదురుతన్ని వీధులలోనికి వచ్చును గనుక, ఈ రెండింటిని వేరుచేసి ఆలోచించుట వ్యర్థము. 1909 అక్టోబరులో నివేదిక సమర్పించి, మరుసటి నెలలోనే మైసూరు చీఫ్ ఇంజనీరు పదవికి వెడలిపోయిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. మురుగుకాలువలకు మాత్రము మరికొంత కాలము పట్టినది. 1922లో ప్రభుత్వము ఆయనను మరల పిలిపింపవలసి వచ్చెను. ఆనకట్ట అందరి కంటబడును. భూమిలో పాతిన గొట్టమును చూచి మెచ్చువారెవరు?

చెరువుల సంగతియు అట్లే మరుగున పడినది. 2020 అక్టోబరు వానలకు నగరపు అంచున పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి, దిగువ ఇండ్లు నీట మునిగినవి. 111 ఏండ్లకు ముందు ఆయన కూర్చిన లెక్కలో ప్రధానస్థానము తెగిన చెరువులదే.

మైసూరులో కృష్ణరాజసాగర నిర్మాణమును, 1912 నుండి 1918 వరకు దివాను పదవిని గూర్చి పాఠ్యపుస్తకములలో చదువుచునే యున్నాము. డెబ్బదియైదేండ్లు దాటిన పిమ్మటను 1937లో ఒరిస్సా వరదల విషయమున సలహా నొసగిరి. 1955లో భారతరత్న బిరుదము లభించెను. నూరేండ్లు నిండిన తరువాత, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరున కన్నుమూసిరి. అంత్యక్రియలు ముద్దెనహళ్లిలో జరిగినవి.