స్థానం వారి స్త్రీ వేషము

పురుషుడు ముఖమునకు రంగు పూసికొని, కన్నులకు కాటుక దీర్చి, సవరము పెట్టి జడ వేసికొని వీధిలోనికి వచ్చినచో లోకము నవ్వును. అతడే రంగస్థలముపై ఆ రూపముతో నిలిచిన, ఆ లోకమే ముగ్ధమై తెల్లవారువరకు కూర్చుండును. ఈ విచిత్రమును తెలిసికొనగోరువారు స్థానం నరసింహారావుగారి జీవితమును ఒకమారు పరిశీలింపవలెను.

వారు 1902 సెప్టెంబరు 23 వ తేదీన బాపట్లలో జన్మించిరి. రంగస్థల ప్రవేశము యాదృచ్ఛికముగ జరిగినది. 1920 లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ప్రదర్శింపవలసినపుడు చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు దీర్చుటకై ఇరువదియేండ్లైనను నిండని నరసింహారావుగారు చీర గట్టిరి. పిమ్మట తెనాలి శ్రీరామ విలాస సభలో చేరిరి. అచ్చటినుండి వారి పేరు ఆంధ్రదేశమంతట వ్యాపించెను.

పురుషుడు స్త్రీ వేషము ధరించుట ఆనాడు క్రొత్త గాదు. కూచిపూడిలో సత్యభామ పాత్రను పురుషులే ఆడుట తరతరముల ఆచారము. సురభివారి కుటుంబ నాటక సమాజములలో స్త్రీలే స్త్రీ పాత్రలు ధరించుచుండిరి గాని, తక్కిన సమాజములలో అది అరుదు. గౌరవ కుటుంబముల ఆడపిల్ల రంగమెక్కుట నాటివారికి సహింపరాని విషయము. స్త్రీ రంగు పూసికొని పదిమంది ఎదుట నిలిచిన అపకీర్తి; పురుషుడు ఆమెవలె అలంకరించుకొని నిలిచిన సత్కీర్తి! సౌందర్యమునకు సంఘము పెట్టిన కొలతలు ఇట్లుండెను.

అయినను స్థానం వారి కీర్తి ఈ లోపమువలన మాత్రమే లభించినది గాదు. అర్దళము, కాటుక, తిలకము, సవరము ఏ వేషధారికైనను దొరకును. పెట్రోమాక్సు దీపముల వెలుగులో రంగు కొంతవరకే మోసగించును. వారు పాత్రకొక స్త్రీని సృజించిరి. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ గర్వము వేరు. సారంగధరలో చిత్రాంగి మోహము వేరు. విప్రనారాయణలో దేవదేవి వలపు మెల్లగ బిగియు వల. కన్యాశుల్కమున మధురవాణిది నవ్వుచునే ఎదుటివానిని తూచగల తెలివి. కొప్పరపు సుబ్బారావుగారి రోషనారలో మొగలు రాజపుత్రిక. ఇందరికిని ఒకే కట్టు, ఒకే నడక చాలవు. చీర కుచ్చిళ్లు మొదలు కనుబొమ కదలికవరకు సమస్తము పాత్రనుబట్టి మారవలసినదే. ఈ సాధనలోని అనుభవములను వారు ‘నటస్థానము’ అను గ్రంథమున పొందుపరచిరి.

మహారాష్ట్రమున బాలగంధర్వుడు (1888–1967) ఇట్టి కీర్తినే పొందెను. అతని చీరకట్టును, పూలముడిని చూచి మరాఠీ వనితలు అనుకరించిరి. స్త్రీకి ఏది అందమో ఒక పురుషుడు నేర్పుట, ఆమె నేర్చుకొనుట! ఇది ఆలోచింపదగిన విషయము.

దీనిని అంగీకరింపని మహానటుడొకరుండిరి. బళ్లారి రాఘవగారు (1880–1946) స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, విద్యావంతులైన మహిళలను తమతోపాటు రంగమునకు తెచ్చిరి. న్యాయము రాఘవగారి పక్షముననే యున్నదని నా అభిప్రాయము. ఒక పురుషుని నైపుణ్యము ఎంత గొప్పదైనను, స్త్రీకి తలుపు మూయుటకు అది కారణము కారాదు. కాని ఆ కారణముచేత స్థానం వారి కళను చులకన చేయుటయు తగదు. వేషధారి యని హేళన చేయువారు ఎన్నడును లేకపోలేదు. పాఠశాల వార్షికోత్సవమున ద్రౌపది వేషము వేసిన బాలుడు మరునాడు చెవివెనుక మిగిలిన రంగును తోటివారికి కనబడకుండ తుడుచుకొనుట ఉపాధ్యాయులు ఎరిగినదే. స్థానం వారు నాలుగు దశాబ్దములు ఆ రంగును దాచుకొనలేదు. వారిని దేశము నటశేఖరుడని పిలిచెను. 1956 లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చెను.

తులాభారములో సత్యభామ పాడు ప్రసిద్ధమైన పాటను వారే రచించిరి. తమ కంఠమునకు, తమ అభినయమునకు అమరునట్లు కూర్చుకొనిన పాట యది. 1966 లో శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రముగ వచ్చినపుడు సత్యభామగా జమునగారు నటింపగా, ఆ పాటను సుశీలగారు పాడిరి. రచయిత అప్పటికి జీవించియే యుండిరి. 1971 ఫిబ్రవరి 21 వ తేదీన వారు కన్నుమూసిరి.